దండారికి వచ్చిన చుట్టం

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం నాడు గోదావరిఖనిలో యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను 'విదేశాల్లో చదువు, అవకాశాలు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. నవ్వొచ్చింది. నాకు పాస్‌పోర్ట్ కూడా లేదు. బీఈడీ చేసి, కొన్నేళ్లు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి, ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్‌లో వార్డెన్‌గా బియ్యం తూకాలు, హాజరు పట్టీలు చూసుకుంటున్న మనిషిని. స్కాలర్‌షిప్పులు, వీసాల సంగతి నా తర్వాత మాట్లాడే సార్ చెప్తారు, ఆయనకే బాగా తెలుసు. నేను చెప్పేది వేరే. పరాయి దేశంలో, పరాయి వాళ్ల ఇంట్లో, అదీ వాళ్ల దేవుడి పండగ వారంలో ఉండాల్సి వస్తే ఏమవుతుంది? నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి అది వచ్చింది. అంతకు చాలా ఏళ్ల ముందు, తిరగేసి, మన ఊరికే వచ్చింది. రెండూ కలిపి చెప్తాను.

అమ్మాయి పేరు చెప్పను, ఆమెకు ఇష్టం లేదు. మాది, ఆమెది పక్కపక్క ఊళ్లే, జైనూర్ వైపు. ఆరు నుంచి ఎనిమిది దాకా నా హాస్టల్‌లో ఉంది. తర్వాత గురుకులంలో సీటు వచ్చింది. అక్కడి నుంచి ఒక ఏడాది అమెరికా చదువుకు ఎంపికైంది. కెన్నెడీ-లూగర్ అని ఇద్దరు సెనేటర్ల పేర్ల మీద ఉన్న కార్యక్రమం అది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, 2002లో ఆ దేశం మొదలుపెట్టింది. ఖర్చు అమెరికా ప్రభుత్వానిది. మన దేశంలో పిల్లల్ని ఎంపిక చేసి పంపే పని ఏఎఫ్ఎస్ చూస్తుంది. మన తెలంగాణ గురుకులాల పిల్లలు కొందరు అట్లా వెళ్లొచ్చారు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు అక్కడి బడిలో చదువుతారు, ఒక కుటుంబం దగ్గర ఉంటారు. ఆ కుటుంబానికి డబ్బులేమీ ఇవ్వరు. ఇంట్లో మంచం, తిండి వాళ్లే పెడతారు, ఇష్టంగా.

ఈ ఏఎఫ్ఎస్ అనేదాని పుట్టుక కూడా విచిత్రమే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడ్డ సైనికుల్ని మోసిన అంబులెన్స్ వాలంటీర్ల సంస్థ అది. రెండో యుద్ధం అయ్యాక, మోసింది చాలు, ఇక పిల్లల్ని ఒకరిళ్లకు ఒకరిని పంపితే ఈ చంపుకోవడం తగ్గుతుందేమోనని 1947లో పది దేశాల నుంచి 52 మంది విద్యార్థుల్ని అమెరికా తీసుకెళ్లారు. యుద్ధం చూసినవాళ్లకు చుట్టరికం విలువ తెలుస్తుందేమో. ఈ యుద్ధం మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అమ్మాయి వెళ్లింది అయోవా అనే రాష్ట్రానికి. మొక్కజొన్న చేలు, చలికాలం మోకాలి లోతు మంచు. డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున ఎనిమిదిన్నరకు, నేను టిఫిన్ పెట్టించి కూర్చునే సరికి ఫోన్. వాళ్లకు ముందు రోజు రాత్రి తొమ్మిది.

"మేడం, ఎల్లుండి క్రిస్మస్ ముందు రాత్రి అంట. చర్చికి అందరం పోవాలంట. తాతలు, అమ్మమ్మలు, చిన్నాన్నలు అందరూ వస్తున్నరు. వాళ్ల తాత మన దేవుళ్ల గురించి అడుగుతడంట, ఆంటీ ముందే చెప్పింది. నేనేం చెప్పాలె?"

అదేం ప్రశ్న, ఉన్నది చెప్పు అన్నాను. అటు వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మెల్లగా చెప్పింది. వెళ్లే ముందు నింపిన ఫారంలో మతం అన్న చోట 'హిందూ' అని రాసింది. సర్టిఫికెట్లలో అదే ఉంది కాబట్టి అదే రాసింది. ఆ ఇంటివాళ్లు పాపం, హిందువుల గురించి చదువుకొని తయారైపోయారు. అమ్మాయి గదిలో చిన్న గణపతి బొమ్మ పెట్టారు. మాంసం తినదేమోనని మొదటి రెండు వారాలు ఆమెకు వేరేగా చిక్కుడు గింజలు, ఆకుకూరలు వండారు. మన పిల్ల కోడి కూర లేకుండా ఆదివారం గడవని ఇంట్లో పుట్టింది. అయినా మొహమాటానికి రెండు వారాలు నోరు మూసుకొని గింజలు తింది. మూడో వారం ఇక ఉండలేక చెప్పిందంట, ఆ ఇల్లంతా పడి పడి నవ్వారంట.

"గణపతితో నాకేం లేదు మేడం. మంచిగనే ఉన్నడు. కానీ తాత అడిగితే గణపతి కథ చెప్పాల్నా? నాకది సరిగ రాదు. మా పెర్సపేన్ గురించి చెప్తే, మరి ఫారంలో ఇట్లెందుకు రాసినవంటరు."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఆ 'హిందూ' అనే మాట మొదట రాసింది ఎవరు? నేనే. ఆరో తరగతిలో హాస్టల్‌లో చేర్చుకున్నప్పుడు రిజిస్టర్‌లో మతం గడి ఉంటుంది. నలభై మంది పిల్లలు వరుసలో నిలబడితే ఒక్కరిని కూడా అడగకుండా, పైనుంచి కిందికి అదే మాట, కింద 'డిటో' గుర్తులు పెట్టుకుంటూ పోయాను. నేనూ గోండునే. నా చేత్తో నేనే రాశాను. ఎవరూ బలవంతం చేయలేదు. 2011 జనగణనలో దేశం మొత్తం మీద 10 లక్షలకు పైగా మంది తమ మతం గోండు అని రాయించుకున్నారు. వాళ్లను ఎన్యూమరేటర్ అడిగి ఉంటాడు, లేదా అడగకపోయినా వాళ్లే చెప్పి ఉంటారు. నా పిల్లల్ని నేను అడగనే లేదు. మనలో కొందరు హిందువులమనే అనుకుంటారు, కొందరు క్రైస్తవులయ్యారు. అది వాళ్ల ఇష్టం, నేను తప్పు పట్టను. కానీ అడగాలి కదా.

సరే, ఫోన్‌లో ఆ పిల్లకు ఏం చెప్పాలో తోచలేదు. అప్పుడు మార్లవాయి గుర్తొచ్చింది.

మీలో చాలామంది జనవరి 11న మార్లవాయి వెళ్లి ఉంటారు. హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతి అని ఏటా చేస్తారు. పూలమాలలు, ఉపన్యాసాలు అయ్యాక బువ్వ తిని వస్తాం. ఆయన ఎవరంటే 'మన కోసం పనిచేసిన దొర' అంటాం. అంతకు మించి అడిగితే తెల్లముఖాలు వేస్తాం. కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. ఆస్ట్రియా దేశం, పెద్దింటి బిడ్డ. మానవశాస్త్రం చదివి, 1936-37లో నాగా కొండల్లో కొన్యాక్ నాగాల మధ్య ఉండి పుస్తకం రాశాడు. బెట్టీ ఎలిజబెత్ అనే ఇంగ్లిష్ ఆమెను పెళ్లి చేసుకున్నాడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. దాంతో ఈయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్ట్ అయింది. 1939లో యుద్ధం మొదలైనప్పుడు ఆయన ఇండియాలో ఉన్నాడు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశపు మనిషి. పట్టుకున్నారు. తర్వాత నిజాం రాజ్యం దాటి పోకూడదని షరతు పెట్టి హైదరాబాద్‌లో ఉండనిచ్చారు.

అంటే చూడండి, మనం 'మన కోసం వచ్చాడు' అంటాం. రావడం మన కోసం కాదు. ఎటూ పోలేక ఇక్కడ ఉన్నాడు. ఉన్నచోట పని వెతుక్కున్నాడు. ముందు నల్లమలలో చెంచుల దగ్గర, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత మన ఆదిలాబాద్‌కు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను కాల్చి చంపారు. ఆ మంట చల్లారక ముందే ఈయన అడుగుపెట్టాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో నిజాం సర్కారుకు తెలియాలి, ఈయనకు పని కావాలి. ఇది కూడా దాచి చెప్పకూడదు. ఆయన సర్కారు అనుమతితో వచ్చిన చుట్టం. మన ముత్తాతలకు 'వద్దు, మా ఇంటికి రాకు' అనే వీలు ఎంతవరకు ఉండేదో నాకు అనుమానమే.

కానీ వచ్చాక మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నారు, భార్యాభర్తలిద్దరూ. డాక్‌బంగళాలో దిగి పటేల్‌ను పిలిపించుకొనే దొరల్ని మనవాళ్లు చూశారు. ఊళ్లో, వాన కురిస్తే కారే గుడిసెలో కాపురం ఉన్న దొరను, దొరసానిని అప్పుడే చూశారు. లచ్చు పటేల్ ఊరిపెద్దగా ఉన్న రోజులవి. గోండి నేర్చుకున్నారు. పండగలన్నీ చూశారు. ఆయన 1948లో అచ్చేసిన రాజ్‌గోండుల పుస్తకంలో మన పేన్‌ల కథలు, సగల లెక్క, పండగలు వివరంగా ఉన్నాయి. మన పర్ధాన్‌లు కింగ్రి మీద పాడే కథలు ఒక పుస్తకంలో అంత వివరంగా ఎక్కడం గొప్పే.

నాకు బాగా నచ్చిన సంగతి మాత్రం పుస్తకం కాదు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించడం. గోండిలో, దేవనాగరి అక్షరాలతో వాచకాలు తయారు చేయించారు. బీఈడీ చదివినదాన్ని కాబట్టి చెప్తున్నా, పిల్లవాడికి తెలిసిన మాటలతో మొదలుపెట్టాలని మాకు కాలేజీలో నోట్సు చెప్పి రాయించారు. అది మార్లవాయిలో 1943లోనే చేసి చూపించారు.

ఇప్పుడు దండారి సంగతి. ఇక్కడ పుట్టి పెరిగిన సింగరేణి పిల్లలకు గుస్సాడి అంటే స్టేజీ మీద నెమలి పింఛాల టోపీ పెట్టుకొని ఆడే డ్యాన్స్. మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం వాట్సాప్‌లో పెట్టుకున్నాం. మంచిదే. కానీ దండారి అంటే ఆట ఒక్కటే కాదు. దండారి అంటే చుట్టరికం.

భోగితో మొదలై, దీపావళి దాటాక కొలబొడితో ముగిసే దాకా ఒక ఊరి దండారి బృందం ఇంకో ఊరికి చుట్టంగా పోతుంది. గుమేలా, పర్రా, పేప్రేలు మోగుతుంటే పొలిమేర దగ్గర ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి, పెద్దలూ పెద్దలూ ఒక్కొక్కరికి రాం రాం చెప్పుకుంటారు. రాత్రి వాళ్లదే ఊరు, వాళ్లదే ఆట. ముప్పై నలభై మందికి బువ్వ పెట్టాలి. పంట ఇంకా ఇంటికి చేరని రోజులు. అయినా పెడతారు. అప్పు చేసి అయినా పెడతారు. మళ్లీ ఏడు వీళ్లు వాళ్ల ఊరికి పోతారు. పిల్లను చూసుకోవడం, సంబంధం మాట్లాడుకోవడం, పాత తగవు తీర్చుకోవడం అన్నీ అందులోనే. గుస్సాడి వేషం కట్టినవాడు ఆ రోజులన్నీ స్నానం చేయడు, మంచం మీద కూర్చోడు. ఒంటి మీద బూడిద, చేతిలో సోటె. ఏత్మాసూర్ పేన్ అతని మీద ఉందని నమ్మకం. కాబట్టి అతిథి ఒళ్లు మాసి ఉన్నా, పిల్లల్ని బెదిరించినా, వెక్కిరించినా ఇంటివాళ్లు దండం పెడతారు.

అంటే, పరాయి ఇంట్లో పండగ వారం ఎట్లా గడపాలో మన వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. చుట్టంగా పోయే పద్ధతి, చుట్టాన్ని పెట్టుకొనే పద్ధతి రెండూ ఒకే పండగలో ఉన్నాయి. హైమన్‌డార్ఫ్ దొర వచ్చింది అట్లాంటి ఊళ్లకు.

ఇది ఆ పిల్లకు ఫోన్‌లో చెప్తున్నాను. "మార్లవాయి వాళ్లు ఆయనను గోండు కమ్మన్నరా? అనలేదు. ఆయన మనవాళ్లను తన మతంలోకి రమ్మన్నాడా? అనలేదు. పక్కన కూర్చొని చూశాడు, అడిగాడు. నువ్వూ చర్చికి పో. కూర్చో. తెలియనిది అడుగు. తాత అడిగితే నీది నువ్వు చెప్పు. ఫారంలో తప్పు రాసింది మా మేడం అని చెప్పు."

నవ్వింది. నవ్వి, ఇట్లా అన్నది:

"మేడం, వీళ్ల పండక్కి ఇక్కడ బడి రెండు వారాలు బందు."

అంతే అన్నది. ఎత్తిపొడవడానికి అనలేదు, ఊరికే చెప్పింది. నాకు మాత్రం గొంతులో అడ్డం పడింది. ఎందుకో చెప్తాను.

మా నాయిన సింగరేణిలో బదిలీ ఫిల్లర్‌గా చేరాడు. ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో పెరిగాం. ప్రతి ఏడూ దీపావళి ముందు ఆయనకు నాలుగైదు నాగాలు పడేవి. బదిలీ వాడికి మస్టర్లు నిండకపోతే పర్మనెంట్ కాడు. "మస్టర్లు పోతున్నయ్, పిల్లల్ని ఏం పెట్టి సాకుతవ్" అని మా అమ్మ మొత్తుకునేది. ఆయన వినేవాడు కాదు. రామగుండం స్టేషన్‌లో కాగజ్‌నగర్ వైపు రైలెక్కించి, ఆసిఫాబాద్ రోడ్‌లో దించి, అక్కడి నుంచి బస్సో లారీయో పట్టుకొని ఊరికి తీసుకుపోయేవాడు. పర్మనెంట్ కావడం ఆలస్యమే అయింది. ఆయన ఒక్కనాడూ దాని గురించి బాధపడగా నేను చూడలేదు.

అట్లాంటి మనిషి బిడ్డను నేను. ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు దసరా సెలవులు అయిపోయి హాస్టల్ తెరిచాక, దండారికి నాలుగు రోజులు ఇంటికి పోతానని చీటీ రాసుకొని వచ్చింది. వాళ్ల ఊరి దండారి ఆ ఏడు వాళ్ల అమ్మమ్మ ఊరికి పోతున్నది. దసరాకు పదిరోజుల పైన ఇచ్చాం కదా, దీపావళికి ఒక్కరోజే సెలవు, పరీక్షలున్నాయి, హాజరు తగ్గితే నాకు మెమో వస్తుంది, వద్దన్నాను. మళ్లీ అడగలేదు. ఆ రాత్రి వరండాలో వాచ్‌మన్ ఫోన్ అడిగి తీసుకొని, అవతల వాళ్ల అన్న ఫోన్ పట్టుకొని నిలబడితే, గుమేలా చప్పుడు వింటూ కూర్చుంది. నేను చూసి, లైట్లు ఆపే టైమయిందన్నాను. వచ్చే దండారికి అమ్మమ్మ లేదు.

ఈ సంగతి ఆ పిల్ల నాతో ఎన్నడూ ఎత్తలేదు. అయోవా నుంచి చేసిన ఫోన్‌లో కూడా ఎత్తలేదు. రెండు వారాలు బందు అని మాత్రమే అన్నది.

నాలుగు రోజులకు మళ్లీ ఫోన్ చేసింది. చర్చికి పోయిందంట. దీపాలు ఆపేసి అందరూ కొవ్వొత్తులు పట్టుకొని పాడారంట. ప్రసాదం లాంటిది ఇచ్చే టైమ్‌లో ఏం చేయాలని ఆంటీని ముందే అడిగితే, అది మా మతంలో చేరినవాళ్లకు, నువ్వు కూర్చొనే ఉండు, ఎవరూ ఏమనుకోరు అని చెప్పిందంట. బీఫ్ తినదని ముందే చెప్పింది కాబట్టి ఆమెకు కోడి వండారంట. అందరికీ బహుమతులు ఇచ్చుకున్నారంట. మన పిల్ల ఉషేగావ్‌లో చేసిన డోక్రా బొమ్మ ఒకటి తీసుకెళ్లింది. మన ఓజాల పని అది, 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు వచ్చింది. దాన్ని తాతకు ఇచ్చింది. మైనంతో అచ్చు చేసి, మట్టి పూసి, కాల్చి, కరిగిన ఇత్తడి పోస్తారని చెప్తే ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడంట. ఆయన కూడా పూర్వం వెల్డింగ్ పని చేసినవాడే.

తర్వాత అడిగాడంట, మీరు ఎవరిని మొక్కుతారు అని. మాది ఏడు దేవతల సగ అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పిందంట. పెర్సపేన్ గురించి, కెస్లాపూర్ నాగోబా గురించి, గోదావరి నీళ్ల కోసం మెస్రం వాళ్లు నడిచిపోవడం గురించి చెప్పిందంట. దండారి వీడియో చూపించిందంట. ఫారం సంగతి? అదీ చెప్పింది. ఆంటీ లేచి గదిలోకి పోయి గణపతి బొమ్మ తెచ్చి, మరి ఇది తీసేయనా అని అడిగిందంట. వద్దు ఉండనీయండి, ఆయన కూడా నాలాగే చుట్టమే అన్నదంట. ఆ మాట ఇంగ్లిష్‌లో ఎట్లా చెప్పావే అంటే, ఎట్లనో చెప్పిన మేడం అన్నది.

హైమన్‌డార్ఫ్ దంపతుల సంగతి ముగించి కూర్చుంటాను. యుద్ధం అయ్యాక ఆయనకు పోయే దారి తెరుచుకుంది. లండన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. అయినా మళ్లీ మళ్లీ వచ్చాడు. మన భూములు ఎట్లా చేతులు మారిపోయాయో చూసి రాశాడు. బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న కన్నుమూసింది. ఆమెను మార్లవాయిలోనే పాతిపెట్టారు. ఆయన 1995లో పోయాడు. ఒక ఊరికి చుట్టంగా వచ్చిన ఆడమనిషి ఆ ఊరి మట్టిలోనే ఉంది. ఆ గుడిసెలో కాపురం ఇద్దరిది.

మీరు ఈసారి మార్లవాయి పోతే, ఒక్క పని చేయండి. దొర ఏం రాశాడో పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ రోజుల్లో ఆయనకు నీళ్లు తెచ్చిందెవరు, దండారి రాత్రుల్లో వాళ్లిద్దరికీ ఎవరింట్లో బువ్వ పెట్టారు, తెల్లదొర వాకిట్లో కూర్చుంటే ఆ ఇంటి కోడలు ఏమనుకుంది, అది అక్కడి ముసలవ్వలను అడగండి. వాళ్ల అత్తలు చెప్పి ఉంటారు. ఫోన్లు చేతిలో ఉన్నాయి కదా, రికార్డు చేసుకోండి. విదేశాలకు పోయే పిల్లలకైతే అది మరీ అవసరం. అక్కడ మీకు బువ్వ పెట్టే ఇల్లు ఒకటి ఉంటుంది, ఆ ఇంటివాళ్లు మిమ్మల్ని అడుగుతారు.

మా హాస్టల్‌లో ఈ జూన్‌లో కొత్త పిల్లలు చేరారు. మతం గడి దగ్గర ఆగి ఒక్కొక్కరిని అడిగాను. గంటన్నర పట్టింది. వంటమనిషి వచ్చి అన్నం చల్లారిపోతుందని రెండుసార్లు పిలిచింది. కొందరు టకటకా చెప్పారు. ఒకమ్మాయి, మేడం ఆ గడిలో ఎంత జాగా ఉంది అని అడిగింది. ఏడుగురు ఏమీ చెప్పలేదు. ఇంట్లో అడగాలి, దండారికి పోయినప్పుడు తాతను అడిగి వస్తామన్నారు. వాళ్ల గళ్లు ఖాళీగానే ఉంచాను. సెలవు చీటీలు ఇప్పుడే రాసి ఇవ్వమన్నాను, నా బల్ల సొరుగులో ఉన్నాయి.

జై సేవా.